డెనాలీ దాకా ఓడ వెళ్లదు

సంపాదకులకు,

నమస్కారాలు.

మీ ఆదివారం అనుబంధంలో అలాస్కా నౌకా విహారం గురించి వచ్చిన వ్యాసం చదివాను. హిమానీనదాల అంచులు విరిగి సముద్రంలో పడే దృశ్యాన్ని వర్ణించిన తీరు బాగుంది. అయితే అదే వ్యాసంలో డెనాలీ పర్వతానికి దక్కినవి రెండు వాక్యాలు, ఒక పెద్ద ఫొటో. వాటిని చూసిన పాఠకుడికి, ఓడ పైఅంతస్తులో కాఫీ కప్పు పట్టుకుని కూర్చుంటే ఉత్తర అమెరికాలోకెల్లా ఎత్తైన శిఖరం తనంతట తానే ఎదురొచ్చి నిలబడుతుందన్న భావం కలుగుతుంది. ముప్పై ఏళ్లు బడిలో భూగోళశాస్త్రం చెప్పి, నిరుడు జులైలో అమెరికాలో ఉన్న మా అమ్మాయి, అల్లుడి పుణ్యమా అని ఆ యాత్ర చేసి వచ్చినవాడిని కనుక, ఈ ఒక్క విషయంలో పాఠకులు పొరపాటు పడకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొదట దూరాల సంగతి. అలాస్కా తీరం వెంట ప్రయాణించే ఓడలు ఉత్తరాన తమ ప్రయాణం ముగించేది సీవార్డ్ రేవులోనో, విటియర్ రేవులోనో. సీవార్డ్ నుంచి, ఆ పర్వతం ఉన్న డెనాలీ జాతీయ పార్కు స్టేషన్‌కు రైలు మార్గం సుమారు 560 కిలోమీటర్లు. యాంకరేజ్ నగరం నుంచి లెక్కపెట్టినా ఏడెనిమిది గంటల రైలు ప్రయాణం ఉంటుంది. విటియర్ నుంచి బయలుదేరేవారు నాలుగు కిలోమీటర్ల సొరంగం దాటాలి. అందులో ఉన్నది ఒకే దారి కావడంతో రైళ్లూ కార్లూ వంతులవారీగా పోతుంటాయి. అందుకే డెనాలీ చూపిస్తామనే కంపెనీలు వారం రోజుల ఓడ ప్రయాణానికి మరికొన్ని రోజుల రైలు, బస్సు, హోటల్ ఏర్పాట్లు జోడించి, దానికి 'క్రూయిజ్ టూర్' అని వేరే పేరు పెట్టి అమ్ముతాయి. దాని ధర వేరు, తేదీలు వేరు, వేసుకోవలసిన బట్టలూ వేరే. ఓడ టికెట్ కొన్నంత మాత్రాన డెనాలీ రాదని మీ వ్యాసం ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది.

అసలు ఓడ ఎక్కడి నుంచి బయలుదేరుతుందో చూసుకోవడం ఇంకా ముఖ్యం. సియాటిల్‌లో మొదలై తిరిగి సియాటిల్‌కే వచ్చే వారం రోజుల ఓడలు సాధారణంగా కెచికాన్, జూనో, స్కాగ్వే వంటి ఆగ్నేయ అలాస్కా రేవులు చూపించి వెనుదిరుగుతాయి. సీవార్డ్ దాకా వెళ్లేవి ఎక్కువగా కెనడాలోని వాంకూవర్‌కూ అలాస్కాకూ మధ్య ఒక వైపు ప్రయాణాలు చేసే ఓడలు. ఇందుకు కారణం 1886 నాటి అమెరికా చట్టం. విదేశాల్లో నమోదైన ఓడ ఒక అమెరికా రేవులో ఎక్కించుకున్న ప్రయాణికులను తీసుకెళ్లి మరో అమెరికా రేవులో దించకూడదని ఆ చట్టం చెబుతుంది. పెద్ద విహార నౌకల్లో అధికభాగం విదేశాల్లో నమోదైనవే. పిల్లల దగ్గరికి అమెరికా వీసాతో వెళ్లిన మనవంటి తల్లిదండ్రులకు దీని వల్ల వచ్చే చిక్కు ఏమిటంటే, భారత పాస్‌పోర్టు ఉన్నవారు వాంకూవర్‌లో ఎక్కాలన్నా దిగాలన్నా కెనడా వీసా కూడా ఉండాలి. మా ఏజెంటు ఈ మాట డబ్బు కట్టించుకున్నాక చెప్పాడు. చివరికి వీసా సమయానికి వచ్చింది గానీ, ఆ మూడు వారాలూ ఇంట్లో ఎవరికీ సరిగా నిద్ర లేదు.

ఇక పర్వతం సంగతి. పార్కు ముఖద్వారం దగ్గర దిగినవారికి పర్వతం కనిపించదు. హోటళ్లూ స్టేషనూ ఉన్నది కొండల మధ్య లోయలో. శిఖరం అక్కడి నుంచి నూరు కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. లోపలికి పోయే దారి ఒక్కటే, దాని మొత్తం పొడవు 92 మైళ్లు. సొంత కార్లను మొదటి 15 మైళ్ల వరకు, అంటే సావేజ్ నది దాకా మాత్రమే వేసవిలో అనుమతిస్తారు. ఆపైన పార్కు బస్సుల్లోనే పోవాలి. పర్వతం దగ్గరగా, నిండుగా కనిపించే చోటు ఐల్సన్ సందర్శక కేంద్రం 66వ మైలు వద్ద ఉంది. కానీ 2021 ఆగస్టు నుంచి బస్సులు 43వ మైలు దాటి పోవడం లేదు. ప్రెటీ రాక్స్ అనే చోట రోడ్డు కింద కొండవాలులో యుగాలుగా గడ్డకట్టి ఉన్న నేల కరిగి, రోడ్డును తనతో పాటు కిందికి లాక్కుపోతోంది. 2014కు ముందు ఏడాదికి కొన్ని అంగుళాలు మాత్రమే జరిగిన ఆ నేల, 2021 నాటికి గంటకు అర అంగుళానికి పైగా జారసాగింది. లారీలతో కంకర తెచ్చి ఎన్నిసార్లు పూడ్చినా లాభం లేకపోవడంతో రోడ్డు మూసి, ఆ జారుడు మీదుగా వంతెన కట్టడానికి పూనుకున్నారు. వాతావరణ మార్పు గురించి తరగతిలో ఎన్ని పాఠాలు చెప్పానో లెక్క లేదు, కానీ అది ఒక బస్సు చివరి స్టాపును మార్చడం అక్కడే చూశాను. ఐల్సన్ నుంచి తీసిన పాత ఫొటోలను ఇప్పటికీ కరపత్రాల మీద అచ్చువేసి అమ్ముతున్నవారు ఈ సంగతి ఎక్కడో చిన్న అక్షరాల్లో చెబుతున్నారు.

దారి తెరిచి ఉన్నా, మబ్బు తెరుచుకోవాలి. వేసవిలో పార్కుకు వచ్చేవారిలో శిఖరాన్ని చూడగలిగేది మూడింట ఒక వంతు మందేనని పార్కు అధికారులే చెబుతారు. ఇందులో మాయ ఏమీ లేదు. డెనాలీ ఎత్తు 6,190 మీటర్లు. ఎవరెస్టుతో పోలిస్తే ఇది చిన్నదే, కానీ ఎవరెస్టు నాలుగైదు వేల మీటర్ల ఎత్తైన నేల మీద నిలబడి ఉండగా, ఇది ఆరేడు వందల మీటర్ల పల్లపు నేల మీంచి దాదాపు ఐదున్నర కిలోమీటర్లు పైకి లేచింది. దక్షిణాన ఉన్న అలాస్కా సింధుశాఖ నుంచి వచ్చే తేమగాలి ఇంత పెద్ద గోడను ఢీకొని పైకెక్కి, చల్లబడి, అక్కడే మబ్బై కూర్చుంటుంది. చుట్టూ ఎండ కాస్తున్నా శిఖరం మాత్రం ముసుగులోనే ఉండవచ్చు. అందుకే అక్కడివారు కనిపించిన రోజున 'ఇవాళ పర్వతం బయటికొచ్చింది' అంటారు. ఊరికి పెద్దమనిషి వచ్చినట్టుగా ఆ కబురు హోటల్ గుమాస్తా నుంచి రైలు గార్డు దాకా నోటినోటా పాకుతుంది.

మా ఏజెంటు ఇచ్చిన కాగితంలో 'డెనాలీ దర్శనం' అని ఉంది. మాకు దక్కింది ఒక్క రాత్రి. యాంకరేజ్‌లో పొద్దున్న రైలెక్కి సాయంత్రం నాలుగింటికి దిగాం. మర్నాడు మధ్యాహ్నం పన్నెండున్నరకు తిరుగు రైలు. నడుమ మిగిలిన వేళలో, ధరలో కలిపి ఇచ్చిన చిన్న బస్సు యాత్ర ఒకటి చేయించారు. అది ముప్పయ్యో మైలు దగ్గరే వెనక్కి తిరిగింది. 43వ మైలు దాకా పోయే పెద్ద యాత్రకు అదనపు సొమ్ము కట్టాలనీ, అందుకు మరో పూట కావాలనీ అక్కడికి వెళ్లాక తెలిసింది. ఆ ఉదయం ఒక తల్లి ఎలుగుబంటినీ, దాని రెండు పిల్లలనూ, వాలు మీద తెల్లటి చుక్కల్లా మేస్తున్న డాల్ గొర్రెలనూ చూశాం. మా ఆవిడకు అదే గొప్ప. దక్షిణం వైపు మాత్రం బూడిదరంగు దుప్పటి పరిచినట్టుంది. 'అదిగో, అక్కడే ఉంది' అని డ్రైవరు చూపించిన చోట ఆకాశం తప్ప ఏమీ లేదు. బస్సులో అందరం అటువైపు ఫొటోలు తీశాం, ఎందుకో మరి.

ఆ రాత్రి యాంకరేజ్‌కు తిరిగొచ్చాక, పదిన్నరకు ఇంకా వెలుతురుండగా, హోటల్ పైఅంతస్తు కిటికీలోంచి ఉత్తర దిక్కున కదలని తెల్లమబ్బు ఒకటి కనబడింది. అరగంటైనా ఆకారం మారలేదు. కింద బల్ల దగ్గరున్న అబ్బాయిని అడిగితే అదే డెనాలీ అన్నాడు. యాంకరేజ్‌కూ ఆ శిఖరానికీ మధ్య రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. దాని కోసం పార్కు దాకా వెళ్లి చూడలేనిది, వెనక్కి వచ్చాక చిటికెనవేలి గోరంత పరిమాణంలో చూశాం. మా అల్లుడు దీన్ని ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంటాడు. నాకు మాత్రం పూర్తిగా నవ్వు రాదు.

ఇంతకూ నేను చెప్పదలచినది ఒక్కటే: డెనాలీ కోసం వెళ్లేవారు అక్కడ ఎన్ని రాత్రులు, ఏ వైపున అన్న రెండు ప్రశ్నలకు జవాబు రాతపూర్వకంగా తీసుకున్నాకే డబ్బు కట్టాలి. రెండో ప్రశ్న చాలామందికి తట్టదు. కొన్ని క్రూయిజ్ టూర్లలో బస పర్వతానికి దక్షిణాన, టల్కీట్నా చుట్టుపక్కల ఇస్తారు. హోటల్ పేరులో పర్వతం పేరు కనిపించి పార్కు పక్కనే అనుకుంటాం గానీ, అక్కడి నుంచి పార్కు ముఖద్వారానికి బస్సులో రెండు గంటలకు పైగా పడుతుంది. అలాగని అది మోసం కాదు. ఆకాశం తేటగా ఉంటే శిఖరం నిండుగా కనిపించేది ఆ దక్షిణపు వసారాల నుంచే. కొండను చుట్టి వచ్చి హిమానీనదం మీద దించే చిన్న విమానాలు బయలుదేరేదీ టల్కీట్నా నుంచే. అడవి జంతువులు, పార్కు బస్సులు కావాలంటే మాత్రం ఉత్తరాన ముఖద్వారం దగ్గర ఉండాలి. అటు ఒక రాత్రి, ఇటు రెండు రాత్రులు దొరికితే మబ్బు తొలగే అవకాశం మూడు ఉదయాలకు పెరుగుతుంది. డబ్బు ఒక్కచోటికే సరిపోతే పార్కు వైపే రెండు రాత్రులుండి, పెద్ద బస్సు యాత్ర చేయమంటాను. పర్వతం దాక్కున్నా ఆ రోజు వట్టిపోదు. అక్కడి కుక్కల కొట్టం కూడా చూడదగ్గది. ఇంజను బండ్లకు అనుమతి లేని అరణ్యభాగంలో చలికాలపు గస్తీ కోసం 1920ల నుంచి మంచు మీద జారే స్లెడ్జి బండ్లను లాగే కుక్కలను పార్కువారే పెంచుతున్నారు. వేసవిలో వాటి పరుగును ఉచితంగా చూపిస్తారు.

నేల యాత్ర ముందా, ఓడ ముందా అని అడిగితే, అరవై దాటినవారికి నేల యాత్రే ముందు ఉండటం మేలు. ప్రతి పూటా పెట్టె సర్దడం, తెల్లవారుజామున బస్సెక్కడం, గంటల తరబడి మరుగుదొడ్డి లేని బస్సులో కూర్చోవడం ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే కానిచ్చి, ఆ తరువాత ఓడలో వారం రోజులు ఒకే గదిలో కాళ్లు చాపుకోవచ్చు. పార్కు బస్సులు గంటా, గంటన్నరకోసారి ఆగుతాయి, భయపడనక్కరలేదు. జూన్, జులై నెలల్లో దోమలు మాత్రం మన దోమలకు పెద్దన్నల్లా ఉంటాయి.

చివరగా మీ వ్యాసంలో దొర్లిన ఒక తప్పు. ఒక పేరాలో డెనాలీ అనీ, మరో పేరాలో మెకిన్లీ అనీ రెండు పర్వతాలున్నట్టు రాశారు. రెండూ ఒకటే. డెనాలీ అన్నది అక్కడి మూలవాసులైన కోయుకాన్ అథబాస్కన్ ప్రజల మాట. ఎత్తైనది అని దాని అర్థం. 1896లో బంగారం వెతుక్కుంటూ వచ్చిన ఒకాయన, అలాస్కాలో ఎన్నడూ అడుగుపెట్టని రాజకీయ నాయకుడు మెకిన్లీ పేరు దానికి తగిలించాడు. 1917లో ఏర్పడిన జాతీయ పార్కుకూ అదే పేరు పెట్టారు. 1975లో అలాస్కా రాష్ట్రం పాత పేరునే గుర్తించింది. 1980లో పార్కు పేరు, 2015లో పర్వతం పేరు డెనాలీగా మారాయి. 2025 జనవరిలో అమెరికా కేంద్ర ప్రభుత్వం పర్వతానికి మళ్లీ మెకిన్లీ పేరు పెట్టింది. పార్కు పేరు మాత్రం డెనాలీగానే ఉంది. కాబట్టి టికెట్ల మీద రెండు పేర్లూ కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. 1913 జూన్ 7న ఆ శిఖరం మీద అందరికంటే ముందు కాలుపెట్టిన వాల్టర్ హార్పర్ తల్లి కోయుకాన్ స్త్రీ. ఆ పర్వతాన్ని ఏమని పిలవాలో నాకైతే ఆ ఒక్క సంగతితో తేలిపోయింది, మీ పత్రిక ఏ పేరు వాడినా ఒక వ్యాసంలో ఒకటే వాడితే చాలు.

ఈ ఉత్తరాన్ని పూర్తిగా ప్రచురించడానికి చోటు లేకపోతే, అలాస్కా ఓడలు వచ్చే వేసవికి టికెట్లు అమ్మే ఈ రోజుల్లోనే కనీసం మూడు విషయాలు సవరణగా వేయవలసిందిగా కోరుతున్నాను: డెనాలీకి ఓడ పోదని, వాంకూవర్ మీదుగా పోయేవారికి కెనడా వీసా కావాలని, వంతెన పూర్తయ్యేదాకా బస్సులు 43వ మైలు దగ్గరే ఆగుతాయని. ఫొటో కింద అది ఏ చోటి నుంచి తీసిందో కూడా రాయండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
విశ్రాంత భూగోళశాస్త్ర ఉపాధ్యాయుడు