బోహెమండ్ అసలు పేరు మార్క్

బుజ్జికి,

అక్కడివాళ్లకు నీ పేరు నోరు తిరగక ఏదో పొట్టిపేరు తగిలించారని, నువ్వు నొచ్చుకున్నావని అమ్మ చెప్పింది. ఇటలీలో నువ్వుండే బారి నగరానికి దగ్గర్లోనే కనోసా అనే ఊరుంది. అక్కడ సమాధిలో ఉన్న మనిషి సంగతి విను.

1054 ప్రాంతంలో, ఉత్తర ఫ్రాన్స్ నుంచి వచ్చి దక్షిణ ఇటలీని గెలిచిన నార్మన్ల ఇంట్లో పుట్టిన ఆ పిల్లాడికి జ్ఞానస్నానంలో పెట్టిన పేరు మార్క్. ఏదో విందులో బుయామండ్ అనే రాక్షసుడి కథ విన్న తండ్రి, సరదాగా కొడుక్కి ఆ పేరు తగిలించాడని ఆర్డెరిక్ విటాలిస్ అనే సన్యాసి రాశాడు. అదే బోహెమండ్ అయింది. అసలు ఆ ఇంట్లో అందరివీ ఇలాంటి పేర్లే. తండ్రి రాబర్ట్‌ను 'గిస్కార్' అనేవారు, అంటే జిత్తులమారి. సవతి తమ్ముడు రోజర్‌కి 'బోర్సా', అంటే డబ్బు సంచి!

1085లో తండ్రి పోయాక మీ బారి ఉన్న అపూలియా ప్రాంతం ఆ డబ్బు సంచికే దక్కింది. పెద్దవాడు ఊరుకునే రకం కాదు. మొదటి క్రూసేడ్‌కి, అంటే క్రైస్తవుల మతయుద్ధానికి, వెళ్లి 1098లో అంతియొకయ పట్టుకున్నాడు, మన తెలుగు బైబిల్లో ఉండే ఊరే. అతని శత్రువైన బైజాంటియం చక్రవర్తి కూతురు ఆనా కొమ్నీనీ అతన్ని అందరికన్నా మూరెడు పొడుగని రాసింది. చచ్చిపోయినట్టు నటిస్తూ, కంపు కోసం చచ్చిన కోడిపుంజును పక్కన పెట్టుకుని శవపేటికలో ఓడ మీద తప్పించుకున్నాడనీ రాసింది. నాకైతే నమ్మబుద్ధి కాదు. ఆ కంపును ఆ ముక్కు ఎలా భరించిందా అని ఆవిడే ఆశ్చర్యపోయింది.

1106లో ఫ్రాన్స్ వెళ్లి రాజుగారి కూతురు కాన్‌స్టాన్స్‌ను పెళ్లి చేసుకున్నాడు. అప్పుడు అక్కడి దొరలు తమ పిల్లల్ని తెచ్చి జ్ఞానస్నానం చేయించుకుని, అతని పేరే పెట్టించుకున్నారట. అంతకుముందు ఆ దేశాల్లో దాదాపు ఎవరూ వినని పేరది! అంతియొకయను ఏలినవాళ్లలో ఆరుగురు బోహెమండ్‌లే. 1268లో ఈజిప్టు సుల్తాను బైబర్స్ ఆ ఊరు పట్టుకున్నాక కూడా, లెబనాన్‌లోని ట్రిపోలీలో ఏడో బోహెమండ్ 1287 దాకా బతికాడు.

ఓ ఆదివారం కనోసా వెళ్లిరా. ఆ సమాధికి చేసిన కంచు తలుపులు చూసి, దగ్గరగా ఫోటోలు తియ్యి. ఫీజు డబ్బు సోమవారం వేస్తాను.

నాన్న