స్టీరింగు వద్దు, బ్రేకు చాలు

సంపాదకులకు నమస్కారం.

డ్రైవరు లేని కార్ల మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. అమెరికాలో తిరుగుతున్న ఈ కార్లు రేపోమాపో మన బెంగళూరుకూ వచ్చేస్తాయన్న ధోరణిలో రాశారు. మాది మదనపల్లె. పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చి, కె.ఆర్.పురంలో డ్రైవింగ్ స్కూలు నడుపుతున్నాను. నా దగ్గర నేర్చుకునేవాళ్లు చాలావరకు మన తెలుగు ఆడపిల్లలు, అందులోనూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగినులు. ఒకరిద్దరు ఇలాంటి కార్లకు ప్రోగ్రాములు రాసే కంపెనీల్లో పనిచేస్తూనే నా దగ్గరికి వచ్చి క్లచ్ మెల్లగా వదలడం నేర్చుకుంటున్నారు. కాబట్టి ఈ విషయంలో నోరు విప్పే హక్కు నాకూ కాస్త ఉందనుకుంటున్నాను.

డ్రైవర్ల అవసరం తీరిపోతే నా స్కూలు మూతపడుతుందని ఏడుస్తున్నానని మాత్రం అనుకోవద్దు. కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ గారు 2023 డిసెంబరులో నాగపూర్‌లో మాట్లాడుతూ, డ్రైవర్ల ఉపాధి పోతుంది కనుక ఇలాంటి కార్లను దేశంలోకి రానివ్వనన్నారు. నా పొట్టకూటికి ఆ మాట అనుకూలమే. కానీ 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని లెక్క చెప్పింది కూడా ఆయన శాఖే. అవన్నీ మనుషులు నడిపిన బండ్లే. ఇంతమంది ప్రాణాలు పోతుంటే ఉద్యోగాల పేరు చెప్పి తలుపు మూసేయడం నాకు సబబుగా తోచదు. యంత్రం మనకంటే బాగా నడపగలిగితే నడపనివ్వాల్సిందే.

కొన్నిచోట్ల నడుపుతోంది కూడా. వేమో అనే సంస్థ 2020 అక్టోబరు నుంచి అమెరికాలోని ఫీనిక్స్‌లో డ్రైవరు సీటు ఖాళీగా ఉంచి మామూలు జనాన్ని ఎక్కించుకుంటోంది. తర్వాత సాన్‌ఫ్రాన్సిస్కో, లాస్ ఏంజెలిస్ నగరాలకూ వెళ్లింది. తీవ్ర గాయాలయ్యే ప్రమాదాలు మనుషులు నడిపే కార్లలో కంటే తమ కార్లలో చాలా తక్కువని ఆ సంస్థ లెక్కలు బయటపెట్టింది. సొంత లెక్కలే అయినా కొట్టిపారేయదగ్గవి కావు. అయితే ఆ ఖాళీ సీటు వెనక ఎంత బలగం ఉందో చూడండి. లేజర్ కిరణాలతో దూరం కొలిచే లైడార్, రాడార్, చుట్టూ కెమెరాలు, వీధివీధికీ ముందే తయారుచేసుకున్న పటాలు, కారుకు సందేహం వస్తే దూరం నుంచి జవాబు చెప్పడానికి కంప్యూటర్ల ముందు కూర్చున్న మనుషులు. పటంలో లేని మార్పు ఎదురైతే కారే పసిగడుతుందట. సరే, మా కె.ఆర్.పురం వైపు మార్పు లేని వీధి ఒక్కటి చూపించమనండి! పొద్దున పాఠం చెప్పిన వీధిలో సాయంత్రానికి గొయ్యి, గొయ్యి పక్కన ఒక చెట్టుకొమ్మ. ప్రమాద హెచ్చరిక ఆ కొమ్మే.

టిన్ ఫ్యాక్టరీ కూడలిలో పిల్లలకు నేను చెప్పే మొదటి మాట, ‘ఇండికేటరు చూడకు, ముందు చక్రం చూడు’ అని. ఆటో అతను ఎడమ పాదం బయటికి చాపితే ఎడమకు తిరుగుతున్నాడని అర్థం. స్కూటరు మీది మనిషి మెడ ఎటు తిరిగితే మరుక్షణం బండి అటే వస్తుంది. ఎదురుగా వచ్చే నీళ్ల ట్యాంకరు లైటు రెండుసార్లు కొడితే ‘నేను ఆగను, నువ్వే ఆగు’ అని చెబుతున్నట్టు. అరచెయ్యి చూపిస్తూ, మనవైపు అసలు చూడకుండా రోడ్డు దాటే పెద్దాయన మనల్ని ఆపినట్టే లెక్క. ఇవేవీ లైసెన్సు పరీక్షలో ఉండవు. అన్నిటికంటే కష్టమైన పాఠం సందు. ముందు బండికి దూరం పాటించమని పుస్తకం చెబుతుంది. ఔటర్ రింగ్ రోడ్డులో ఆ దూరం వదిలితే అందులో రెండు స్కూటర్లు, ఒక ఆటో దూరతాయి. ముందు బండిని బట్టి తనే వేగం తగ్గించుకునే క్రూయిజ్ కంట్రోల్ ఉన్న కారులో ఒక శిష్యురాలి పక్కన కూర్చుని చూశాను. సందు వదలడం, ఎవరో దూరడం, బ్రేకు పడటం, మళ్లీ సందు వదలడం. వెనకవాళ్ల హారన్లకు ఆ అమ్మాయికి చెమటలు పట్టాయి. కారు మర్యాదగానే నడిచింది పాపం, ముందుకే పోలేదు.

మన రోడ్ల సంగతి యంత్రాలకు నేర్పే ప్రయత్నం జరగడం లేదని కాదు. హైదరాబాద్‌లోని ఐఐఐటీ వాళ్లు అక్కడి రోడ్లమీదా మన బెంగళూరు రోడ్లమీదా తిరిగి 10,000 చిత్రాలు సేకరించి, ఒక్కొక్క వస్తువుకూ గుర్తు పెట్టి పరిశోధకుల కోసం విడుదల చేశారు. అందులో ఆటోకు ప్రత్యేకంగా ఒక తరగతి ఉంది. రోడ్డు ఎక్కడ ముగిసి మట్టి ఎక్కడ మొదలవుతుందో తెలియని చోట్లకు, అంటే రోడ్డు కాకపోయినా తప్పకపోతే బండి దించగలిగిన జాగాకు, మరో తరగతి పెట్టారు. మన ఊళ్లను కళ్లతో చూసినవాళ్లకే ఆ ఆలోచన వస్తుంది. కానీ మట్టిని గుర్తుపట్టడం వేరు, ఆ మట్టిలోంచి స్కూటరు ఎప్పుడు రోడ్డెక్కుతుందో ఊహించడం వేరు.

ఇక నేను అసలు రాయాలనుకున్నది నా సీటు గురించి. డ్రైవింగ్ స్కూలు కారులో నేర్పేవాళ్ల వైపు కూడా బ్రేకు, క్లచ్ ఉంటాయి. స్టీరింగు ఉండదు. తప్పు జరగబోతే నేను ఆపగలను, అంతే. ఈ సీటులో కూర్చున్నవాళ్లకు తెలిసిన సంగతి ఒకటుంది. గేరు మార్చడం రాని పిల్లతో ఇబ్బంది లేదు, నా కాలు బ్రేకు మీదే ఉంటుంది. బాగా నడిపే పిల్లతోనే ప్రమాదం. పది నిమిషాలు సాఫీగా సాగితే నా చూపు దుకాణాల బోర్డుల మీదికి పోతుంది, నన్ను నేనే గిల్లుకుని రోడ్డు చూడాల్సి వస్తుంది. ఇంకొకరు నడుపుతుంటే ఊరికే కాపలా కాయడం మనిషికి చేతకాని పని.

2018 మార్చిలో అమెరికాలోని టెంపే పట్టణంలో జరిగింది ఇదే. ఊబర్ పరీక్షిస్తున్న కారు, సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న ఒక మహిళను రాత్రిపూట ఢీకొట్టి చంపింది. జీబ్రా గీతలు లేని చోట మనిషి రోడ్డు దాటవచ్చన్న ఆలోచనే ఆ ప్రోగ్రాములో లేదని విచారణలో తేలింది. (మన ఊళ్లో ఎవరు గీతల మీద దాటుతున్నారు?) కారును కనిపెట్టుకుని ఉండేందుకు సీటులో కూర్చోబెట్టిన ఉద్యోగిని ఫోను చూస్తోంది. క్రిమినల్ కేసు కంపెనీ మీద పడలేదు, ఆమె మీదే పడింది. 2023లో నేరం ఒప్పుకుంది; జైలుకు బదులు మూడేళ్లు అధికారుల నిఘాలో ఉండే ప్రొబేషను శిక్ష పడింది. ఇప్పుడు మన షోరూముల్లో అమ్ముతున్న కొంతవరకు తమంతట తామే నడిచే కార్లు కొన్నవాళ్లను కూర్చోబెట్టేది ఆవిడ సీటులోనే. జీతం లేదు, శిక్షణ అంతకన్నా లేదు.

అందుకే సీట్లు తారుమారు చేయమంటాను. నడిపేది మనిషి కావాలి, పక్క సీటులో బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చోవలసింది యంత్రం. దానికి విసుగు రాదు, దుకాణాల బోర్డులు చూడదు. అది ముందుగా కావలసింది ఐటీ ఉద్యోగుల కార్లలో కాదు, రాత్రి బస్సుల్లో, లారీల్లో. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున హైదరాబాద్ నుంచి బెంగళూరు వస్తున్న ప్రైవేటు బస్సు కర్నూలు దగ్గర చిన్నటేకూరులో తగలబడి 19 మంది ప్రయాణికులు చనిపోయారు. అప్పటికే ప్రమాదం జరిగి రోడ్డు మీద పడి ఉన్న మోటారు సైకిలును బస్సు ఈడ్చుకుపోయిందని పోలీసులు చెప్పారు. ఆటోమేటిక్ బ్రేకు ఉంటే ఆ బస్సు ఆగేదని నేను ప్రమాణం చేయలేను. వానలో, చీకట్లో, నేలమీద పడి ఉన్న బండిని పోల్చుకోవడం యంత్రానికీ కష్టమే. కానీ ఆ దారిలో ప్రతి రాత్రీ నిద్ర ఆపుకుంటూ నడిపే డ్రైవర్లు ఎందరో, ముందున్న లారీని ఆఖరి క్షణంలో చూసేవాళ్లు ఎందరో, ఆ బస్సుల్లో ఊరికి వెళ్లివచ్చే మనందరికీ తెలుసు.

ముసలివాళ్లకు, చూపు లేనివాళ్లకు డ్రైవరు లేని కారు వరమని మీ వ్యాసంలో రాశారు. నిజమే, కానీ వాళ్లకు ఇక్కడ ముందు నడవడానికి ఫుట్‌పాత్ కావాలి. డ్రైవరు లేని ప్రయాణమే కావాలంటే, 2025 ఆగస్టులో ఆర్.వి. రోడ్డు నుంచి బొమ్మసంద్రకు మొదలైన మెట్రో పసుపు మార్గం రైళ్లు డ్రైవరు అక్కర్లేకుండా నడిచేలా తయారైనవే. ఆ పట్టాల మీదికి స్కూటరు రాదు.

ఐరోపాలో కొత్తగా రోడ్డెక్కే భారీ లారీలకు, బస్సులకు తనంతట తానే పడే బ్రేకు 2015 నుంచి తప్పనిసరి. మన కేంద్ర రవాణా శాఖ 2025 మార్చిలో ఇలాంటి బ్రేకు, డ్రైవరు కునికితే హెచ్చరించే పరికరం, బండి వరుస తప్పితే హెచ్చరించే పరికరం కొత్త బస్సులకు, లారీలకు తప్పనిసరి చేస్తూ ముసాయిదా నోటిఫికేషన్ తెచ్చింది. ఇవి కొత్త బండ్లకే. ఇప్పటికే తిరుగుతున్న పాత స్లీపర్ బస్సులు ఇంకా ఎన్నేళ్లు తిరుగుతాయి, వాటికి ఏ ఏర్పాటూ అక్కర్లేదా? ఈసారి వ్యాసం రాసేటప్పుడు మీ విలేకరిని రవాణా శాఖ అధికారులను ఈ సంగతి అడిగి రాయమనండి.

ఇట్లు,
ఒక డ్రైవింగ్ శిక్షకురాలు,
కె.ఆర్.పురం, బెంగళూరు