చేవెళ్ల రోడ్డు మర్రిచెట్లకి నిధులివ్వండి సార్

గౌరవనీయులైన అధికారి గారికి,

రెండుసార్లు అర్జీ ఇచ్చినా జవాబు రాలేదు, అందుకే అందరి ముందూ రాస్తున్నాను. హైదరాబాద్ శివారు అప్పా జంక్షన్ నుంచి చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల దారిలో నిజాం కాలం నాటి మర్రిచెట్లు వందలకొద్దీ ఉన్నాయి. రోడ్డు వెడల్పు కావాలి, ప్రమాదాల్లో మనుషులు పోతున్నారు, కాదనను. మరి వెడల్పు పనుల్లో పోగా మిగిలే చెట్ల సంగతి? మొదలు దాకా తారు పోస్తే వేళ్లకి నీళ్లు దిగవు, నేలకి దిగి స్తంభంలా కొమ్మని మోయాల్సిన ఊడల్ని నరికేస్తే గాలివానకి ఆ కొమ్మే విరిగి పడుతుంది. మొన్న మక్క కంకులు కాల్చి అమ్మే ఒకమ్మ, నరికిన ఊడ చివర పాలు కారుతుంటే చూపించి, "ఈ నీడ పోతే నా బేరం పోయినట్టే బిడ్డా" అంది. ఈ బడ్జెట్‌లోనే ఈ చెట్లకి విడిగా నిధులు కేటాయించండి, మొదళ్ల చుట్టూ తారు తీయించండి, ఖాళీల్లో మర్రి మొక్కలే నాటించండి. జవాబు రాతపూర్వకంగా ఇవ్వండి.

ఇట్లు,
రోజూ ఆ దారిన వెళ్లే హైదరాబాదీ