చిట్టికి నాన్న రాసేది

విజయవాడ,
మే 11.

అమ్మా చిట్టీ,

ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మ మూడు రోజులు మార్కెట్టు చుట్టూ తిరిగి, కొత్తపల్లి కొబ్బరి మామిడికాయలైతేనే ఆవకాయ పెడతానని పట్టుబట్టి తెచ్చింది. ముక్కలు నేనే తుడిచాను. మొన్నటి గాలికి పెరట్లో మునగచెట్టు సగం విరిగింది. ఇవన్నీ ఫోనులో చెప్పొచ్చు. కానీ నేనేదైనా అడగ్గానే నువ్వు "ఏం లేదు నాన్నా" అని ఫోను బుజ్జిగాడి చేతికిచ్చేస్తున్నావు. నెల నుంచీ ఇదే వరస.

ఆదివారం కాంతమ్మత్తయ్య వచ్చింది. నువ్వు రాజీనామా రాసి సంచిలో పెట్టుకుని తిరుగుతున్నావట. నిజమేనా తల్లీ?

ఎండలు మండిపోతున్నాయి. అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిరిగేటప్పుడు గొడుగు పట్టుకెళ్తున్నావా? పద్నాలుగేళ్లు కెమిస్ట్రీ చెప్పిన మనిషిని పట్టుకుని, కాలేజీ చేతులు మారగానే "ఇరవై మందిని చేర్పిస్తేనే వేసవి జీతం" అంటారా? అది విన్నప్పటి నుంచీ నాకు కంటి మీద కునుకు లేదు.

నువ్వు రెండో తరగతిలో ఉండగా, 1990లో, మా ప్రెస్సుకి కంప్యూటర్లు వచ్చాయి. అప్పటికి నేను అచ్చక్షరాల గళ్ల పెట్టె (కేసు) ముందు నిలబడి పంతొమ్మిదేళ్లు. ఎడమ చేతిలో స్టిక్కు, కుడి చేత్తో గళ్లలోంచి సీసం అక్షరాలు తీసి అందులో తలకిందులుగా పేర్చుకుంటూ పోవాలి. ఏ వత్తు ఏ గడిలో ఉందో చూసే పనే లేదు, వేళ్లకే తెలుసు. ఒకరోజు ఓనరు పిలిచి "రేపట్నుంచి బైండింగులో కట్టలు కట్టు" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. స్టిక్కు బల్ల మీద పెట్టేసి, వాళ్లు చూపించిన చోట సంతకం చేసి బయటికొచ్చేశాను. రావలసిన బాకీలన్నీ ముట్టినట్టు అందులో రాసుంది. ఊళ్లోవాళ్ల కాగితాలన్నీ అక్షరం అక్షరం చూసినవాణ్ణి, ఆ ఒక్కటీ చదవలేదు.

ఇంట్లో చెప్పడానికి నోరు రాలేదు. పదకొండు రోజులు పొద్దున్నే క్యారియర్ పట్టుకుని బయల్దేరి, కృష్ణ ఒడ్డున మెట్ల మీద కూర్చుని, అక్కడే తిని సాయంత్రానికి వచ్చేవాణ్ణి. పన్నెండో రోజు రాత్రి అన్నం వడ్డిస్తూ మీ అమ్మ నా చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. గోళ్ల సందుల్లో మసి లేదు. పెళ్లయ్యాక నా చేతులు అంత తెల్లగా ఉండడం అదే మొదలు. "ఎన్నాళ్లయింది?" అంది, అంతే. మర్నాడు గాజులు తీసిచ్చింది.

ఆ డబ్బుతో డీటీపీ, అంటే కంప్యూటర్ మీద అక్షరాలు కూర్చే పని, నేర్చుకున్నాను. తర్వాత ఇరవై ఏళ్లు మనకు అన్నం పెట్టింది అదే. మానేసినందుకు నేనెప్పుడూ బాధపడలేదు. ఆ సంతకం, మీ అమ్మ దగ్గర దాచిన ఆ పదకొండు రోజులు మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటాయి.

మానేయాలనుంటే మానేయమ్మా. ఆ ప్రిన్సిపాల్ అరిచిన రోజు మాత్రం కాగితం ఇవ్వకు. ముందు పాత యాజమాన్యం ఇచ్చిన అపాయింట్‌మెంట్ ఆర్డరు, జీతం స్లిప్పులు జిరాక్స్ తీయించి ఇంట్లో పెట్టుకో. మానేసేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే గ్రాట్యుటీ టీచర్లకు లేదని చెప్తారేమో, నమ్మొద్దు. 2009లో చట్టం సవరించి, 1997 ఏప్రిల్ 3 నుంచే వర్తించేలా చేశారు. ఆఖరి నెల బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి 26తో భాగించి, 15తోనూ సర్వీసు ఏళ్లతోనూ హెచ్చవేయాలి. 26 వేలు అనుకున్నా పద్నాలుగేళ్లకు 2 లక్షల 10 వేలు. అది నీ చెమట, వదులుకోకు. పీఎఫ్ తీసేయకు, కొత్త చోటికి మార్పించుకో. పదేళ్ల సర్వీసు దాటింది కాబట్టి 58 నిండాక పెన్షన్ ఉంటుంది. డబ్బు అకౌంట్లో పడేదాకా "బాకీ లేదు" అన్న కాగితం మీద సంతకం పెట్టొద్దు. అల్లుడు గారికైనా చెప్పావా? ఆయనకు కూడా చెప్పకుండా మోస్తున్నావేమోనని నా భయం.

శనివారం మొదటి బస్సుకి ఆవకాయ జాడీ పట్టుకుని నేనే వస్తున్నాను. బస్టాండుకు రావద్దు, ఎండ. ఆ కాగితం ఇంకా ఇవ్వకపోతే నాకు చూపించు. ఇచ్చేసినా ఫరవాలేదు, వచ్చాక మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
నాన్న.

పక్కనే కూర్చుని మీ అమ్మ రాయమంటోంది: టిఫిన్ తినకుండా గడప దాటొద్దట. సంచిలో ఉప్పేసిన నిమ్మకాయ నీళ్లు పెట్టుకోమంటోంది.