షట్‌డౌన్ చేస్తే సరిపోతుందనుకున్నావా బావా?

బ్రాడీపేట, గుంటూరు

ఒరేయ్ బావా,

నిన్న ఫోన్‌లో "కంప్యూటర్ మళ్లీ హ్యాంగ్ అయింది, ఉంటా" అని ఠక్కున పెట్టేశావు. తిరిగి చేద్దామనుకున్నాను గానీ, నేను ఒక మాట చెబితే నువ్వు నాలుగు అడ్డం వేస్తావు. అందుకే ఉత్తరం. దీనికి అడ్డం పడలేవు కదా.

"రోజూ రాత్రి షట్‌డౌన్ చేసే పడుకుంటున్నాను, మళ్లీ రీస్టార్ట్ ఎందుకురా?" అన్నావు చూడు, తిరకాసంతా అక్కడే ఉంది. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. మా మిర్చి కొట్లో సాయంత్రం కంప్యూటర్ షట్‌డౌన్ చేసి, షట్టర్ దించి, తాళాలు షావుకారు గారి చేతిలో పెట్టి ఇంటికెళ్లేవాణ్ణి. సీజన్ మొదలయ్యేసరికి అది మొరాయించడం మొదలెట్టింది. బిల్లు కొడితే ప్రింటర్ ఉలకదు, పలకదు. విసుగొచ్చి ఒకరోజు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచాను. అందులో పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి సీపీయూ మీద నొక్కితే కింద 'అప్ టైమ్' కనిపిస్తుంది. 19 రోజులు! రోజూ నా చేత్తో ఆపుతున్న మిషను 19 రోజులుగా ఆగకుండా నడుస్తున్నట్టు చూపిస్తోంది.

2012లో విండోస్ 8 వచ్చినప్పుడు ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి పెట్టారు. చాలా మిషన్లలో అది ముందే ఆన్ చేసి ఉంటుంది. షట్‌డౌన్ కొడితే మన ప్రోగ్రాములన్నీ మూసేస్తుంది గానీ, విండోస్‌కి గుండెకాయలాంటి కెర్నెల్‌ని, ప్రింటర్ లాంటి పరికరాలను నడిపించే డ్రైవర్లని ఉన్నవి ఉన్నట్టే డిస్కులో ఒక ఫైలుగా రాసి దాచుకుంటుంది. పొద్దున్న ఆన్ చేయగానే ఆ దాచుకున్నదే మళ్లీ తీసి పరుస్తుంది. త్వరగా లేస్తుంది, నిజమే. కానీ నిన్నటి చిక్కు ఇవాళ కూడా వెంటే వస్తుంది. రీస్టార్ట్ కొడితే మాత్రం ఆ దాచుకోవడాలేవీ ఉండవు, మొదటి నుంచి శుభ్రంగా మొదలవుతుంది. పేరు చూస్తే షట్‌డౌనే పెద్ద విశ్రాంతి అనిపిస్తుంది, జరిగేది తలకిందులు. షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ కొట్టావనుకో, అప్పుడు నిజంగానే పూర్తిగా ఆగుతుంది.

అసలు అన్నాళ్లు నడిస్తే ఎందుకు నెమ్మదిస్తుందంటావా? మా పక్కనున్న టీ కొట్టే చూడు. కుర్రాడు పొద్దున్నుంచీ చుట్టుపక్కల కొట్లన్నిటికీ టీ గ్లాసులు మోస్తాడు. తాగినవాళ్లు తిరిగివ్వాలి గదా, కొందరు బల్ల కింద పెట్టి మరిచిపోతారు. సాయంత్రానికి పొయ్యి మీద టీ మరుగుతూనే ఉంటుంది, పోయడానికి గ్లాసుండదు. ర్యామ్ అంటే ప్రోగ్రాములు నడిచేటప్పుడు వాడుకునే చోటు, కొన్ని ప్రోగ్రాములు దాంతో చేసేది ఇదే. తీసుకున్న చోటు వదలవు. దీన్నే మెమరీ లీక్ అంటారు. ఆ ఒక్క ప్రోగ్రామునీ మూసి తెరిస్తే చాలాసార్లు చోటు తిరిగొస్తుంది. డ్రైవర్లోనే లీకుంటే మాత్రం రీస్టార్టే దిక్కు. ఇక అప్‌డేట్ల సంగతి. వాడుకలో ఉన్న ఫైలును విండోస్ మార్చలేదు. మనిషి కూర్చుని ఉండగా కుర్చీ మార్చలేం కదా, అందుకే లేవమంటుంది.

విమానాలకీ తప్పలేదు రా ఈ బాధ. బోయింగ్ 787లో జనరేటర్లను అదుపు చేసే పరికరాలు 248 రోజులు ఆపకుండా నడిస్తే ఒక్కసారిగా కరెంటు పోవచ్చని తేలింది. మధ్యమధ్యలో ఆపి మళ్లీ ఆన్ చేయాలని 2015లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఆదేశాలిచ్చింది. విండోస్ 95లో అయితే ఆన్ చేసినప్పట్నుంచి లెక్కపెట్టే మిల్లీసెకన్ల లెక్క 49.7 రోజులకే నిండిపోయి మిషను కొయ్యబారేది. ఆ రోజుల్లో అది అన్నాళ్లు పడిపోకుండా నడిస్తే గదా, అది వేరే కథ.

ఇంత విన్నావని గంటగంటకీ రీస్టార్ట్ కొట్టకు. వారానికోసారి చాలు. అప్‌డేట్ అడిగినప్పుడు, కొత్త డ్రైవర్ వేసినప్పుడు, ప్రింటరో నెట్టో కారణం లేకుండా అలిగినప్పుడు కొట్టు. అది కూడా పని లేని వేళ చూసుకో. నేను ఒకసారి రైతులు పట్టీల కోసం నిలబడి ఉండగా "రెండు నిమిషాలే" అని కొట్టాను. అప్‌డేట్ అందుకుంది. అరగంట పాటు ఆ తిరిగే చుక్కల్నే చూస్తూ కూర్చున్నాం. సేవ్ చేయని కాటా లెక్క ఎటూ పోయింది, మళ్లీ చిత్తు కాగితాలు వెతికి ఎక్కించాను. షావుకారు గారు ఏమీ అనలేదు, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. దాని కన్నా తిట్టినా బాగుండేది. అప్పట్నుంచి సెట్టింగ్స్‌లో యాక్టివ్ అవర్స్ మా కొట్టు వేళలకి పెట్టేశాను. ఆ వేళల్లో విండోస్ అప్‌డేట్ కోసం తనంతట తాను రీస్టార్ట్ కాదు.

పవర్ బటన్ నొక్కిపట్టి ఆపే అలవాటు నీకుంది, తెలుసు. అది మౌసూ కీబోర్డూ రెండూ చచ్చాకే. హార్డ్ డిస్క్ టకటకమని చప్పుడు చేస్తుంటే మాత్రం రీస్టార్ట్ జోలికే పోకు. ముందు పెళ్లి ఫోటోలు వేరే చోటికి ఎక్కించు, అది మళ్లీ లేస్తుందన్న నమ్మకం లేదు. రోజూ రీస్టార్ట్ చేస్తే గానీ నడవడం లేదంటే జబ్బు ఇంకెక్కడో ఉందని. మే నెల ఎండకి మాది పదే పదే ఆగిపోతుంటే విప్పి చూశాం. ఫ్యాన్ నిండా మిరపకాయల దుమ్ము! ఊదినవాడు పావుగంట తుమ్ముతూనే ఉన్నాడు.

సరే, ఇది చదవగానే నీ మిషన్లో అప్ టైమ్ చూసి నాకు చెప్పు. పది రోజులు దాటి ఉంటుందని పందెం. దాటితే ఈసారి వచ్చినప్పుడు టిఫిన్ ఖర్చు నీది. చెల్లాయిని అడిగానని చెప్పు.

నీ
బావ