కర్ట్ థామస్ సినిమా చూశాక, మా అబ్బాయికి

చిరంజీవి చిన్నాకు,

అమ్మ ఆశీస్సులు. నువ్వు చూడమన్న 'జిమ్‌కాటా' మొదటి నుంచి చివరిదాకా చూశాను. మీ గదిలో అందరూ కూర్చుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నామని రాశావు. నాకు నవ్వు రాలేదు. కొన్ని చోట్ల ఆపి, వెనక్కి తిప్పి, కథ వదిలేసి హీరో కర్ట్ థామస్ భుజాలూ మణికట్లూ మాత్రమే చూశాను. అంత చక్కటి శరీర విద్య అంత నాసిరకం సినిమా పాలైందే అని మనసు కష్టపడింది.

నీకు సినిమాలో వేషం వచ్చిన సంగతిని ఉత్తరం చివర రెండు ముక్కల్లో రాసి, దానికన్నా ముందు ఈ సినిమా గురించి రెండు పేజీలు రాశావు. నీ బెరుకు నాకు అర్థమైంది. అందుకే ఫోనులో పైపైన మాట్లాడకుండా తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ఆ మనిషి ఎవరో నీకు సరిగ్గా తెలియాలి. మీ తరానికి కర్ట్ థామస్ అంటే ఈ సినిమా ఒక్కటే కనిపిస్తోంది. జిమ్నాస్టిక్స్ నేర్పిన మాలాంటి వాళ్ళకు ఆయన వేరు. 1956లో మయామీలో పుట్టాడు. ఇండియానా స్టేట్ విశ్వవిద్యాలయంలో చదివాడు. 1976లో మాంట్రియల్ ఒలింపిక్స్‌లో ఆడాడు. 1978లో స్ట్రాస్‌బర్గ్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో ఫ్లోర్ విభాగంలో, అంటే నేల మీద పల్టీలు కొట్టే విభాగంలో, స్వర్ణం గెలిచాడు. అమెరికా మగవాళ్ళలో ప్రపంచ జిమ్నాస్టిక్స్ స్వర్ణం అదే మొదటిది. సోవియట్, జపాన్ జట్లు ఏలుతున్న రోజుల్లో, బయటివాడొకడు వచ్చి న్యాయనిర్ణేతల చేత తలూపించుకోవడం చిన్న విషయం కాదు. మరుసటి ఏడు ఫోర్ట్‌వర్త్‌లో ఏకంగా ఆరు పతకాలు గెలిచాడు. అందులో ఫ్లోర్, హారిజాంటల్ బార్ రెండూ స్వర్ణాలే. అన్ని విభాగాలూ కలిపి లెక్కించే పోటీలో సోవియట్ ఆటగాడు అలెగ్జాండర్ దిత్యాతిన్ తరువాత రెండో స్థానం ఆయనదే. ఆ సంవత్సరం అమెరికాలో ఔత్సాహిక క్రీడాకారులకు ఇచ్చే సల్లివాన్ పురస్కారం ఆయనకు వచ్చింది. అంతకు ముందు ఏ జిమ్నాస్టుకూ అది దక్కలేదు.

పామెల్ హార్స్ మీద, అదే రెండు పిడులున్న ఆ దిమ్మ మీద, కాళ్ళు రెండూ బాగా విడదీసి గాలిలో గిరగిరా తిప్పుతూ, చేతులు మార్చుకుంటూ వెళ్ళే విన్యాసం ఉంది కదా, నువ్వు పదో తరగతి వేసవి అంతా అరచేతులు బొబ్బలెక్కేలా సాధన చేసింది, దాని పేరే థామస్ ఫ్లేర్. ఈ రోజు వీధుల్లో బ్రేక్ డాన్స్ చేసే పిల్లలు నేల మీద చేసేదీ అదే. ఒక మనిషి పేరు ఒక కదలికకు అతుక్కుని దేశదేశాలు తిరగడం ఎంతమందికి దక్కుతుంది చెప్పు?

అంతటివాడికి 1980లో మాస్కో ఒలింపిక్స్ రావలసిన సమయానికి వచ్చింది. వయసు ఇరవై నాలుగు. ఒంట్లో సత్తా, చేతిలో పేరు, ఎదురుగా దిత్యాతిన్. అయితే 1979 డిసెంబరులో సోవియట్ సేనలు అఫ్గానిస్తాన్‌లో అడుగుపెట్టాయి, అధ్యక్షుడు కార్టర్ మాస్కో ఆటలను బహిష్కరించాలన్నాడు, అమెరికా జట్టు వెళ్ళలేదు. అక్కడ దిత్యాతిన్ ఎనిమిది పతకాలు గెలిచాడు. కర్ట్ పోటీలో ఉండి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. అసలు పోటీ పడే అవకాశమే లేకుండా పోయిందన్నది మాత్రం నిజం. తరువాత ఆయన డబ్బు కోసం ప్రదర్శనలిచ్చే వృత్తిలోకి వెళ్ళాడు. అప్పటి నిబంధనల ప్రకారం అలా వెళ్ళినవాళ్ళకు ఒలింపిక్స్ తలుపు మూసుకుపోతుంది. దాంతో 1984లో లాస్ ఏంజెలెస్‌లో, సొంత గడ్డ మీద, అమెరికా పురుషుల జట్టు చైనాను దాటి స్వర్ణం గెలిచినప్పుడు ఆ జట్టులో ఆయన లేడు.

ఆ మరుసటి సంవత్సరం, 1985లో, ఈ సినిమా విడుదలైంది.

ఇప్పుడు కథ గుర్తు తెచ్చుకో. పార్మిస్తాన్ అనే కల్పిత కొండ దేశం. అక్కడ 'ఆట' అని ఒక ప్రాణాంతకమైన పరుగు పందెం. తొమ్మిది వందల ఏళ్ళుగా బయటివాడెవడూ గెలవలేదు. గెలిచినవాడికి ప్రాణమూ దక్కుతుంది, ఒక కోరికా తీరుతుంది. ఒక జిమ్నాస్టును అమెరికా ప్రభుత్వం అక్కడికి పంపుతుంది, గెలిచి తమ రక్షణ ఉపగ్రహాలకు నిఘా కేంద్రం కట్టుకునే అనుమతి అడగమని. నీకు ఇందులో ఏమీ తట్టలేదా? ఏ అగ్రరాజ్యాల పోరు ఆయన మాస్కో కలను తుడిచేసిందో, అదే పోరు ఇక్కడ ఆయన చేతికి కథగా వచ్చింది. నిజ జీవితంలో దేశం కోసం ఇంట్లో కూర్చోమన్నారు. తెర మీద దేశం కోసం ప్రాణాలకు తెగించమన్నారు. ఆ బాధను కాస్తయినా వాడుకునే రచయిత దొరికి ఉంటే, ఇదే కథ మనసును పట్టుకునేది. ఆడవలసిన వయసులో ఆడే అవకాశం దక్కని మనిషికి మరో ఆట దొరికితే అతని ముఖం ఎలా ఉంటుంది? సినిమా ఆ ముఖం వైపు ఒక్కసారి కూడా తిరగదు. అతనికి తప్పిపోయిన తండ్రి ఉన్నాడు, రాకుమారి ఉంది, పగవాడున్నాడు, అన్నీ ఉన్నాయి. మనిషే లేడు.

ఇక ఫైట్ల సంగతి. మీరు బాగా నవ్వింది ఊరి కూడలి దగ్గరే అయి ఉంటుంది. పిచ్చివాళ్ళ ఊరు, నడిమధ్యలో అచ్చం పామెల్ హార్స్‌లా ఉన్న రాతి దిమ్మ, దాని మీద ఆయన ఫ్లేర్లు తిరుగుతుంటే జనం ఒకరి తరువాత ఒకరు వచ్చి తన్నులు తిని పడిపోవడం. చూసేవాళ్ళకు నవ్వు రావడం సహజమే. ఎందుకు వస్తోందో ఆలోచించావా? పామెల్ హార్స్ మీద శరీరమంతా చేతుల చుట్టూ తిరుగుతుంది. ఆ దిమ్మ వదిలి ఆయన ఎక్కడికీ పోలేడు. కాబట్టి దెబ్బలు తినేవాళ్ళే నడుచుకుంటూ ఆయన దగ్గరికి రావాలి. అక్కడే పోరాటం చచ్చిపోయింది. పైగా జిమ్నాస్టు చిన్ననాటి నుంచి నేర్చుకునేది కష్టాన్ని దాచడం. కాలి బొటనవేలిదాకా చాచి, బరువే లేనట్టు కనిపించడం. తెర మీద తన్నుకు బరువు కావాలి. తగిలినట్టు, తగిలించినవాడికీ నొప్పి పుట్టినట్టు కనిపించాలి. ఈ రెండు విద్యలకూ పొసగదు. పొసగించాలంటే ఎవరో ఒకరు నెలల తరబడి కూర్చుని కొత్త కదలికలు అల్లాలి. ఇక్కడ ఆ పని జరిగినట్టు నాకు కనిపించలేదు. ఉన్న విన్యాసాలను ఉన్నట్టు తెచ్చి, వాటి కింద ఒక రాయి, ఒక కమ్మీ పెట్టారు, అంతే.

దర్శకుడు చేతకానివాడు కూడా కాదు. రాబర్ట్ క్లౌజ్. 1973లో 'ఎంటర్ ద డ్రాగన్' తీసింది ఆయనే, నిర్మాతల్లో ఒకరైన ఫ్రెడ్ వైంట్రాబ్ కూడా రెండింటికీ ఉన్నారు. అక్కడ ఫైట్లు కూర్చింది బ్రూస్ లీ స్వయంగా. తన శరీరం ఏం చేయగలదో, కెమెరా ఎక్కడుంటే అది కనిపిస్తుందో తెలిసినవాడు అక్కడ పని చేయించుకున్నాడు. పన్నెండేళ్ళ తరువాత యుగోస్లావియాలో, తక్కువ ఖర్చులో, నటనకు పూర్తిగా కొత్తవాడైన కర్ట్‌ను నిలబెట్టారు. పక్కన ప్రతినాయకుడిగా ఉన్న రిచర్డ్ నార్టన్ అసలు సిసలు యుద్ధ విద్యల మనిషి. వాళ్ళిద్దరూ ఎదురుపడినప్పుడు చూడు, ఎవరి అడుగు నేలను గట్టిగా పట్టుకుందో తెలిసిపోతుంది. మా పాఠశాల పిల్లలు కూడా చెప్పేస్తారు.

ఆటగాళ్ళు సినిమాలకు పనికిరారని నేను అనడం లేదు. జానీ వైస్‌ముల్లర్ ఈతలో ఐదు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచి 1932లో టార్జాన్ అయ్యాడు. ఆయన కథలో నీళ్ళు పెట్టారు, మాటలు తగ్గించారు, జనం ఏళ్ళ తరబడి చూశారు. మన దారాసింగ్ అరవైల్లో చవకగా తీసిన హిందీ కుస్తీ సినిమాలు ఎన్నో చేశాడు. వాటిలో గొప్ప కథలేమీ లేవు, కానీ ఆయన పట్టు పడితే పట్టే. తరువాత టీవీ రామాయణంలో హనుమంతుడిగా కనిపించినప్పుడు ఆ పెద్ద దేహంలోని వినయం చూసి మా అమ్మ టీవీకే దణ్ణం పెట్టేది. మనిషికి తగ్గ వేషం అంటే అది.

చిన్నా, ఇప్పుడు చెప్పబోయేది నువ్వు తేలిగ్గా తీసుకోవద్దు. కర్ట్ పేరు మీద ఇంకో కదలిక ఉంది, థామస్ సాల్టో. వెనక్కి ఒకటిన్నర పల్టీ, అందులోనే ఒకటిన్నర మెలిక, చివరికి కాళ్ళ మీద కాకుండా ముందుకు దొర్లుతూ నేల మీదికి రావాలి. ఎత్తు కాస్త తగ్గితే గడ్డమూ మెడా నేలకు తగులుతాయి. స్ట్రాస్‌బర్గ్‌లో కర్ట్ స్వర్ణం గెలిచిన ఆ పోటీల్లోనే ఆడపిల్లల్లో ప్రపంచ విజేతగా నిలిచింది సోవియట్ అమ్మాయి ఎలెనా ముఖినా. ఆమె చేత ఈ పల్టీ చేయించాలని పట్టుపట్టారు. కాలు విరిగి పూర్తిగా కోలుకోకముందే సాధనలోకి దింపారు. 1980 జులైలో, మాస్కో ఆటలు ఇంకో రెండు వారాలున్నాయనగా, మిన్స్క్‌లో సాధన చేస్తూ పడిపోయింది. మెడ విరిగింది. ఆ తరువాత లేచి నడవలేదు. 2006లో చనిపోయింది. ఆడవాళ్ళ పోటీల్లో ఆ పల్టీని తరువాత నిషేధించారు. ఈ సంగతి నేను నా దగ్గర నేర్చుకునే ప్రతి పిల్లకూ చెబుతాను, వాళ్ళ తల్లిదండ్రులకూ చెబుతాను. తొందర ఉన్నచోట ఎంత నేర్చినవాళ్ళయినా పడతారు.

తక్కువ బడ్జెట్ సినిమాలో అన్నిటికన్నా ముందు కోత పడేది సమయానికే. పొద్దు వాలేలోగా ఆ షాట్ కావాలంటారు. మ్యాట్లు ఫ్రేములో కనిపిస్తున్నాయి తీసేయమంటారు. రోప్ కట్టడానికి గంట పడుతుంది, నువ్వు జిమ్నాస్టువే కదా, ఊరికే దూకెయ్యమంటారు. డూప్‌ను పిలిస్తే ఇంకో రోజు కూలి. ఈ మాటలన్నీ నీతో ప్రేమగానే అంటారు, నిన్ను మెచ్చుకుంటూనే అంటారు. నీ ఎడమ భుజం సంగతి వాళ్ళకు తెలియదు, నాకు తెలుసు.

అవకాశం వదులుకోమని నేను రాయడం లేదు. మన దేశంలో జిమ్నాస్టుకు ఏం దొరుకుతుందో నాకు తెలియనిది కాదు. 2018లో మన హైదరాబాదు అమ్మాయి అరుణా రెడ్డి మెల్‌బోర్న్ ప్రపంచ కప్పులో వాల్ట్‌లో, అంటే పరుగెత్తుకొచ్చి బల్ల మీంచి ఎగిరి పల్టీ కొట్టే విభాగంలో, కాంస్యం గెలిచింది. జిమ్నాస్టిక్స్ ప్రపంచ కప్పులో భారతీయులకు వ్యక్తిగత పతకం అదే మొదటిది. ఆ పేరు ఈ రోజు మన వీధిలో ఎంతమందికి గుర్తుంది? అలాంటి చోట ఒక సినిమా వాళ్ళు నిన్ను వెతుక్కుంటూ వస్తే నీ మనసు లాగడం న్యాయమే. నీ వయసులో నన్నడిగినా వెళ్ళేదాన్నే.

కాకపోతే వెళ్ళి కొన్ని విషయాలు నోరు విప్పి అడుగు. ఫైట్ మాస్టర్ ఎవరు, ఆయన ఇంతకు ముందు జిమ్నాస్టులతో పని చేశారా, షూటింగుకు ముందు సాధనకు ఎన్ని వారాలిస్తారు? నీ విన్యాసాల్లో ఏది కథకు పనికొస్తుందో, ఏది రాదో చెప్పే హక్కు నీకుంటుందా? దెబ్బ తగిలితే ఖర్చు ఎవరిది, బీమా ఉందా, అది కాగితం మీద ఉందా? అన్నిటికన్నా ముందు, ఆ కుర్రాడు ఎవరు? అతనికి ఏం కావాలి, ఎవరంటే భయం, ఇంట్లో ఎవరున్నారు? ఇది అడిగినప్పుడు దర్శకుడు పది నిమిషాలు ఆపకుండా మాట్లాడితే నాకు ఫోను చెయ్యి, సంతోషిస్తాను. 'నువ్వు గాల్లో తిరుగుతుంటే థియేటర్ ఊగిపోతుంది' అని తేల్చేస్తే మర్యాదగా నమస్కారం చెప్పి వచ్చెయ్యి.

ఇంకొక్క మాట, కర్ట్ గురించే. ఈ సినిమాతో ఆయనకు చెత్త కొత్తనటుడంటూ ఎగతాళి పురస్కారానికి నామినేషన్ ఇచ్చారు. ఆయన మాత్రం ఆటను వదల్లేదు. 1992లో, ముప్పై ఆరేళ్ళ వయసులో, మళ్ళీ ఒలింపిక్ జట్టులో చోటు కోసం ప్రయత్నించాడు. ఆ వయసులో రింగ్స్ పట్టుకుని వేలాడటమంటే ఏమిటో నా కీళ్ళు చెబుతాయి. తరువాత టెక్సస్‌లో శిక్షణ కేంద్రం నడుపుతూ పిల్లలకు నేర్పాడు. 2020 జూన్‌లో, అరవై నాలుగేళ్ళకు, పక్షవాతంతో పోయాడు. కాబట్టి ఈసారి మీ స్నేహితులు ఆ రాతి దిమ్మ సీను పెట్టినప్పుడు, అదయ్యాక 1979 ఫోర్ట్‌వర్త్ ఫ్లోర్ వీడియో కూడా పెట్టు. వాళ్ళు రెండూ చూడాలి.

ఒప్పంద పత్రం వస్తే సంతకం పెట్టకుండా నకలు పంపు. మీ నాన్నగారికి తెలిసిన లాయరు గారు చదివి పెడతానన్నారు. భుజం స్కానింగ్ రిపోర్టు కూడా వెంట తీసుకెళ్ళి ఫైట్ మాస్టర్‌కు చూపించు, దాచకు.

ఆశీస్సులతో,
అమ్మ