వీపు మీద నవగ్రహాలు

హైదరాబాద్,
ఆదివారం

ఒరేయ్ సుధాకరా,

మా కొత్త ఫ్లాటు గృహప్రవేశం కబుర్లు నాకంటే ముందే గుంటూరు చేరాయన్నమాట! పంచె కట్టుకుని, కండువా వేసుకుని మేమిద్దరం పీటల మీద కూర్చున్నాం. నవగ్రహ పూజ మొదలయింది. అంతలో కండువా జారింది. వెనక కూర్చున్న చుట్టాలందరికీ నా వీపు మీద నేరేడుపండు రంగులో తొమ్మిది గుండ్రటి మచ్చలు కనిపించాయి. "బావగారు గ్రహాలను వెంటే తెచ్చుకున్నారు" అన్నాడు మా చిన్న బావమరిది. పురోహితుడికి కూడా నవ్వొచ్చి మంత్రం తప్పింది. మా ఆవిడ మాత్రం నవ్వలేదు.

అసలు సంగతి విను. ప్రూఫులు దిద్దీ దిద్దీ నా కుడి భుజం బిగుసుకుపోయిందని నీకు తెలుసు కదా. రెండు నెలలుగా వారానికోసారి మర్దన చేయించుకుంటున్నాను. మెడ సర్దుకుంది కానీ, రెక్క ఎముక లోపలి అంచున ఉన్న ముడి ఎంత నొక్కినా లొంగలేదు. "నొక్కితే వదలనిది లాగితే వదులుతుందేమో చూద్దామా?" అని మర్దన చేసే ఆయన కప్పింగ్‌కు వాడే గాజు కప్పులు బయటికి తీశాడు.

ముందు అరగంట మామూలుగానే నూనె మర్దన. తరువాత పుల్లకు చుట్టిన దూదిని స్పిరిటులో ముంచి వెలిగించాడు. ఆ మంటను కప్పులో ఒక్క క్షణం తిప్పి తీసేసి, కప్పును వీపు మీద బోర్లించాడు. లోపలి వేడి గాలి చల్లారి కుంచించుకుపోగానే చర్మం, దాని కింది కండ పూరీలా పొంగి కప్పులోకి లేస్తాయి. మా నాయనమ్మ గుర్తొచ్చింది. కడుపునొప్పి అంటే చాలు, బొడ్డు మీద పిండిముద్ద పెట్టి, అందులో వత్తి వెలిగించి, పైన చెంబు బోర్లించేది. అది చూసి నువ్వు గోడ దూకి పారిపోయావు, మరిచిపోయావా?

కప్పులు అయిదారు నిమిషాలు ఉంచాడు. నొప్పి లేదు, ఎవరో వీపును గుప్పిటపట్టి పైకి లాగుతున్నట్టు ఉంది. చివర్లో ఒక్క కప్పును నూనె మీద మెల్లగా అటూ ఇటూ జరిపాడు. నిజం చెప్పాలంటే నాకు పనికొచ్చింది ఇదే. ఆ ముడి మీదికి వచ్చేసరికి కప్పు తడబడి ఆగేది. ఆ తరువాత వేలితో నొక్కితే మొదటిసారి కాస్త మెత్తబడింది. పై అరలోని డిక్షనరీ ఇప్పుడు కుడిచేత్తోనే తీస్తున్నాను.

ఇది చైనా వైద్యమని మా ఆఫీసులో ఒకాయన వాదన. సుశ్రుత సంహితలోనే కొమ్ముతో, జలగతో, సొరబుర్రతో రక్తం తీయడం ఉంది. సొరబుర్రలో దీపం పెట్టి మరీ బోర్లించేవారు. పాతబస్తీలో యునానీ వాళ్లు చేసే హిజామా కూడా దీనికి దాయాదే. అందులో చిన్న గాట్లు పెట్టి రక్తం లాగుతారు. 2016 రియో ఒలింపిక్స్‌లో ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ భుజాల మీద ఈ మచ్చలు చూశాకే లోకమంతా కప్పుల వెంట పడింది.

మచ్చ ఎంత నల్లగా ఉంటే ఒంట్లో అంత విషం ఉన్నట్టని చెప్పేవాళ్లూ ఉన్నారు. అదంతా ఉత్తమాట. లాగుడుకు సన్నటి రక్తనాళాలు చిట్లి, చర్మం కింద రక్తం చేరుతుంది. వారం పది రోజుల్లో అదే పోతుంది. మెడ, నడుము నొప్పులకు కొన్నాళ్లు ఉపశమనం ఉంటుందని కొన్ని చిన్న పరిశోధనలు చెబుతున్నాయి, అంతే. ఇంతా చేసి, కప్పులు మర్దనకు తోడే కానీ దానికి బదులు కావు. మర్దన మానేసి కప్పులొక్కటే పెట్టించుకున్న వారం నాకు మచ్చలు తప్ప ఏమీ మిగల్లేదు.

"నేనూ వచ్చి పెట్టించుకోనా?" అని అడిగావు. వద్దురా. స్టెంటు వేయించుకుని రక్తం పలచబడే మాత్రలు మింగుతున్నవాడివి. నాకు మచ్చ పడినచోట నీకు చర్మం బాగా కమిలిపోతుంది. గాట్లు పెట్టే హిజామా మాట అసలు తలపెట్టకు. నడుముకు మర్దనైనా సరే, ముందు మీ గుండె డాక్టరును అడుగు. ఆయన సరేనంటే సంక్రాంతికి బస్సెక్కు. మా మర్దన ఆయన దగ్గరికి నేనే తీసుకెళ్తాను. వచ్చేటప్పుడు గోంగూర పచ్చడి మరిచిపోకు.

నీ
రామం